కుదుస్‌లో బోణీ వేళ

గిన్నె చాలా చిన్నది. మన ఇళ్లలో చంటిపిల్లలకు పప్పన్నం కలిపే గిన్నె అంత ఉంటుంది. అడుగున గుప్పెడన్నం, దాని మీద పసుపుపచ్చటి చారు, తెల్లటి మొలకలు, ఎర్రగా వేయించిన వెల్లుల్లి రేకలు, నాలుగైదు మాంసం ముక్కలు. నిమ్మకాయ పిండుకుని తింటే నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, ఇంకో గిన్నె తెప్పించుకోవాలనిపిస్తుంది. దీన్ని సోతో అంటారు. ఇండొనేషియాలోని జావా ద్వీపంలో ఊరికో రకం సోతో ఉంది. కుదుస్ ఊరి సోతోలో మాత్రం పడేది కోడి, కాకపోతే గేదె. ఆవు మాంసం వేసి వండడం ఈ ఊరి ఆనవాయితీ కాదు.

ఊళ్లో దాదాపు అందరూ ముస్లింలే. ఆవు మాంసం వారి మతంలో నిషిద్ధం కాదు. అయినా బక్రీదు నాడు కూడా ఇక్కడి పాతకాపులు గేదెనో మేకనో కోస్తారు తప్ప ఆవు జోలికి పోరు. కారణం అడిగితే 16వ శతాబ్దంలోకి తీసుకెళ్తారు. జావాకు ఇస్లాంను తెచ్చిన తొమ్మిది మంది వలీల్లో, అంటే పుణ్యపురుషుల్లో, ఒకరు సునన్ కుదుస్. అసలు పేరు జాఫర్ సాదిక్. ఆయన కాలానికి చుట్టుపక్కల జనం హిందువులు, ఆవును కొలిచేవారు. ఆయన మసీదు ముంగిట ఒక ఆవును అలంకరించి కట్టించారట. చూడవచ్చిన జనానికి ఖురాన్‌లో ఆవు పేరు మీదే ఒక అధ్యాయం ఉందని చెప్పారట. పొరుగువారి మనసు నొచ్చుకుంటుంది కాబట్టి ఆవును కోయవద్దని తన వాళ్లకు ఆన పెట్టారట. ఆ ఆన నాలుగున్నర శతాబ్దాలు దాటి నేటికీ చెల్లుతోంది.

వ్యాపారం సంగతి చెప్పబోతూ సోతో గిన్నె దగ్గర ఆగడానికి కారణం ఉంది. అమ్ముకునే హక్కున్న సరుకును పొరుగువాడి కోసం అమ్మకుండా ఉండటం ఈ ఊరి వ్యాపారులు నేర్చుకున్న మొదటి పాఠం. దైవభక్తి, గల్లాపెట్టె ఒకే కొట్టులో ఎలా కాపురం చేస్తాయో చూడాలనుకునే తెలుగు యాత్రికుడికి ఇంతకంటే మంచి మొదలు దొరకదు.

సెమరాంగ్ నగరం నుంచి కుదుస్ సుమారు 50 కిలోమీటర్లు. జావా ఉత్తర తీరం వెంబడి సాగే రోడ్డు ఇది. 1808 నుంచి డచ్చి గవర్నరు డాండెల్స్ వెట్టిచాకిరీతో వేయించిన వెయ్యి కిలోమీటర్ల తపాలా బాట ఈ దారినే పోయింది. సాయుంగ్ దగ్గర సముద్రం పోటు మీదున్న రోజుల్లో ఉప్పునీళ్లు ఇళ్లలోకి వస్తాయి. గడపలు ఎత్తు పెంచుకుంటూ పోయి చివరికి తల వంచుకుని లోపలికి వెళ్లాల్సిన ఇళ్లు బస్సు కిటికీలోంచి కనిపిస్తాయి. దెమాక్‌లో జావా మొట్టమొదటి సుల్తానుల మసీదు. అది దాటి వంతెన ఎక్కితే పొగాకు ఆకు ఆకారంలో రోడ్డుకు అడ్డంగా పెద్ద స్వాగత తోరణం. కుదుస్ సిగరెట్ల ఊరు కూడా అని అక్కడే తెలిసిపోతుంది. ఆ సంగతి తర్వాత.

జావాలో ఊళ్ల పేర్లు చాలావరకు సంస్కృతం నుంచో స్థానిక భాష నుంచో వచ్చినవి. కుదుస్ మాత్రం అరబ్బీ పేరు. జెరూసలేంను అరబ్బులు పిలిచే ‘అల్ కుద్స్’ నుంచి వచ్చింది. ఇక్కడి పాత మసీదు పేరూ అల్ అక్సాయే. ఇమాము నిలబడే గూడైన మిహ్రాబు మీది శిలాఫలకం హిజ్రీ 956 అంటోంది, అంటే క్రీ.శ. 1549. కానీ మసీదు పక్కనున్న మీనారును దూరం నుంచి చూస్తే ఎవరికైనా గుడి గోపురమే తడుతుంది. ఎర్రటి ఇటుక, మెట్లు మెట్లుగా ఎదిగిన పీఠం, నడుము సన్నం, పైన కలప మండపం. ఎత్తు 18 మీటర్ల దాకా ఉంటుంది. తూర్పు జావాలోని మజాపహిత్ రాజ్య కాలపు హిందూ కట్టడాలకు తోబుట్టువులా ఉంది. దగ్గరికెళ్లి చెయ్యి ఆనిస్తే ఇటుకల మధ్య అతుకు సన్నటి గీతలా తగులుతుంది. సున్నం లేకుండా ఇటుకను ఇటుకతో రుద్ది అతికించారని స్థానికులు చెబుతారు. గోడల్లో పింగాణీ పళ్లేలు పొదిగారు. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే (వజూ) చోట ఎనిమిది నీటి ధారలు. బౌద్ధుల అష్టాంగ మార్గానికి గుర్తని పెద్దల మాట. పాతదాన్ని కూల్చకుండా దాని మీదే కొత్తది కట్టుకున్న తీరు ఇటుక ఇటుకలోనూ ఉంది.

మీనారు కింద వీధంతా అంగళ్లే. టోపీలు, లుంగీలు, తస్బీ దండలు, ఖర్జూరాలు, అత్తరు, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన కుట్టుపని ముసుగులు. తొమ్మిది మంది వలీల సమాధులను వరసగా దర్శించుకునే యాత్రా బస్సులు దేశం నలుమూలల నుంచి వస్తాయి. బస్సులు ఊరి అంచునే ఆగిపోతాయి, అక్కడి నుంచి మోటారుసైకిళ్ల వాళ్లు యాత్రికులను ఎక్కించుకుని మీనారు దగ్గర దింపుతారు. తిరుపతి, కడప పెద్ద దర్గా చూసినవారికి ఈ సందడి కొత్త కాదు. ఈ వీధిలో కొట్టు ఉన్నవాడికి సగం పెట్టుబడి ఇక్కడి సమాధిలోని సునన్ కుదుసే పెట్టారనుకోవాలి. ఆ సంగతి కొట్టువాడికీ తెలుసు. అందుకే ఆయన్ను తలచుకునేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడతాడు.

ఇక్కడివారు తమ నడవడిని ఒక్క ముక్కలో చెప్పుకుంటారు: గుస్‌జిగాంగ్. మూడు జావా మాటల తోకలు కలిపి కుట్టిన మాట అది. ‘బగుస్’ అంటే మంచి నడత, ‘ంగాజి’ అంటే మతవిద్య, ‘దగాంగ్’ అంటే వ్యాపారం. ఈ మాటను సునన్ కుదుస్‌కే ఆపాదిస్తారు. ఆయన పండితుడే కాక వర్తకుడు కూడానని ఊరి నమ్మకం. పడమటి కుదుస్‌లో వెనకటి తరం పిల్లనిచ్చేటప్పుడు అబ్బాయిలో ఈ మూడూ ఉన్నాయా అని చూసేవారట. నడత లేని చదువు, చదువు లేని డబ్బు, చేతిలో పని లేని భక్తి, ఈ మూడింటిలో దేనికీ సంబంధం కుదిరేది కాదన్నమాట.

మాటకు మాట చుట్టరికం చూసే అలవాటున్న తెలుగువాడికి ఇక్కడ ఇంకో ముచ్చట ఉంది. ఇండొనేషియా భాషలో వ్యాపారాన్ని ‘ఉసహా’ అంటారు, అది మన ‘ఉత్సాహం’. లాభం ‘లబా’. ధర ‘హర్గా’, సంస్కృతంలోని ‘అర్ఘం’. పెద్ద వర్తకుడు ‘సౌదాగర్’, మన సౌదాగరే. పుణ్యఫలంగా దక్కే వృద్ధి ‘బెర్కా’, తెలంగాణ పల్లెల్లో హిందువులు కూడా ‘బర్కత్ లేదు’ అనుకునే బర్కత్. సంస్కృతం, పారసీకం, అరబ్బీ మూడూ ఒకే సంచిలో వేసుకుని బజారుకెళ్లే జనం వీళ్లు.

పడమటి కుదుస్ సందులు మనిషి మోచేతులు చాచితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు. గోడలు ఎత్తైనవి. ఒక తలుపు తోసుకుని లోపలికెళ్తే నోరు వెళ్లబెట్టాల్సిందే. నిలువెల్లా చెక్కడం పనితో నిండిన టేకు ఇల్లు, నిటారుగా లేచిన కప్పు, ముంగిట్లో బావి. ఇంట్లోకి అడుగుపెట్టే ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికే బావి ముందుంచారు. 19వ శతాబ్దంలో, 20వ శతాబ్దం తొలినాళ్లలో వర్తకంలో గడించిన కుటుంబాలవి. డబ్బు గోడ వెనక ఉంది, వీధికి కనిపించేది సున్నం వెల్ల మాత్రమే. ముస్లిం పండితుల సంస్థ నహ్‌దతుల్ ఉలమాను 1926లో స్థాపించినవారిలో ఒకరైన కియాయి రాదెన్ అస్నవి ఈ ఊరివారే. ఖురాన్ కంఠస్థం చేయించే పెసాంత్రెన్లు, అంటే గురుకులాలు, ఈ సందుల్లోనే ఉన్నాయి. పొద్దున్న పాఠాల గొంతూ కుట్టుమిషను చప్పుడూ ఒకే గోడకు ఇటూ అటూ వినిపిస్తాయి.

యాత్రికుడు ముహర్రం నెల మొదటి రోజుకు చేరుకోవడం మంచిదైంది. ఆ రోజు కలిపుతు అనే పేటలో తెబొకాన్ ఊరేగింపు. ఆడవాళ్లు గుండ్రటి వెదురు పళ్లేల్లో జెనాంగ్ అనే మిఠాయి పెట్టుకుని వీధి వీధీ తిరుగుతారు. ఏటిలో కొట్టుకుపోయి స్పృహ తప్పిన ఒక పిల్లవాడిని జెనాంగ్ తినిపించి బతికించారని, ఇకమీదట మీ బతుకుతెరువు ఇదేనని సునన్ కుదుస్ పేటవాళ్లను దీవించారని కథ. కథలో నిజమెంతో గానీ, కలిపుతులో ఇప్పటికీ గడప గడపకీ జెనాంగ్ బట్టీయే.

ఆ బట్టీ దగ్గర కాసేపు నిలబడాలి. మనిషి కూర్చుంటే మునిగిపోయేంత మూకుడు. అందులో జిగురు బియ్యప్పిండి, కొబ్బరిపాలు, బెల్లం. మొదట గంజిలా పలచగా ఉంటుంది. గంట గడిచేసరికి రంగు తిరిగి గోధుమపచ్చన అవుతుంది. ఆ తర్వాత బుడగలు వచ్చే తీరు మారుతుంది. పైకి లేచిన బుడగ వెంటనే పగలదు, ఒక క్షణం ఆగి టప్పున పేలుతుంది. అరిసెల పాకం పట్టిన చెయ్యి ఎవరిదైనా ఆ క్షణాన్ని గుర్తుపడుతుంది. కలియబెట్టడం ఒక్క నిమిషం ఆపినా అడుగంటుతుంది. వెనకటి రోజుల్లో ఇద్దరు మగవాళ్లు తెడ్లు పట్టుకుని గంటల తరబడి తిప్పేవారు. ఇప్పుడు చాలాచోట్ల మోటారు తిప్పుతోంది. మిఠాయి మూకుడు అంచులు వదిలి ముద్దలా తిరగడం మొదలుపెట్టాక పళ్లేల్లోకి దించి రాత్రంతా చల్లారనిస్తారు. తెల్లారి ఆడవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని ముక్కలు కోసి, వేలెడంత ముక్కను కాగితంలో చుట్టి రెండు కొసలూ మెలిపెడతారు. చేతుల వేగం చూపుకు అందదు.

ఈ మిఠాయి ఇళ్లలో పెద్ద పేరు ముబారక్. 1910లో ఒక దంపతుల ఇంటి వంటగా మొదలై మూడు తరాలు దాటింది. కుదుస్‌లో వాళ్లు జెనాంగ్‌కు ఒక మ్యూజియమే కట్టారు, దానికి గుస్‌జిగాంగ్ పేరు తగిలించారు. కానీ కలిపుతులో ఎక్కువమంది నలుగురైదుగురు మనుషులతో నడిపే చిన్న బట్టీలవాళ్లు. ఇండొనేషియాలో ఉపాధిలో నూటికి 97 వంతుల దాకా ఇలాంటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా వ్యాపారాలదేనని ప్రభుత్వ లెక్క.

ఈ చిన్నవాళ్లకు ఇప్పుడు కొత్త పరీక్ష వచ్చింది. 2014లో చేసిన హలాల్ చట్టం కింద తినుబండారాలకు ధ్రువపత్రం తప్పనిసరి అయింది. పెద్ద, మధ్యతరహా కంపెనీలకు 2024 అక్టోబరు గడువు. చిన్న, సూక్ష్మ వ్యాపారాలకు 2026 అక్టోబరు దాకా పొడిగించారు. ఏ సరుకు ఎక్కడ కొన్నారో, ఏ పాత్రలో వండారో రాసి చూపాలి. తరతరాలుగా దేవుడికి భయపడి శుభ్రంగా వండుకుంటున్నామని అనుకునేవాళ్లకు కాగితం మీద రుజువు అడగడం మొదట్లో మనసుకు కష్టంగా ఉంటుంది. అయితే సూక్ష్మ వ్యాపారులకు స్వయంగా ప్రకటించుకుని ఉచితంగా పత్రం తెచ్చుకునే వీలు కల్పించారు. మంచి ఏర్పాటే. నమ్మకం సందు దాటి సూపర్‌మార్కెట్ అర దాకా ప్రయాణించాలంటే దానికీ ఒక టికెట్టు కావాలి.

జావా బజార్లో పొద్దున్నే ఉంటే కళ్లారా చూడదగ్గది బోణీ. మొదటి బేరం తెగగానే ఆ నోటును అమ్మకందారు మడిచి, అమ్మాల్సిన సరుకు మీద అటూ ఇటూ తట్టుకుంటూ పోతుంది. టోపీల మీద, లుంగీల దొంతర మీద, కొక్కేనికి వేలాడే గౌన్ల మీద. నోట్లో ‘లారిస్, లారిస్’ అనుకుంటుంది. చెల్లిపోవాలి, అమ్ముడుపోవాలి అని అర్థం. మన కూరగాయలమ్మ మొదటి నోటును కళ్లకద్దుకుని గోనెపట్టా కింద పెట్టినట్టే. ఇది ఏ గ్రంథంలోనూ లేదు, ఇస్లాం రాకముందు నుంచీ ఉన్న అలవాటే అయ్యుండాలి. బిస్మిల్లా అని షట్టరెత్తిన చేతితోనే నోటు తట్టడం వాళ్లకు ఏ మాత్రం ఎబ్బెట్టుగా ఉండదు.

పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తుంది? వడ్డీ ఇస్లాంలో నిషిద్ధం. కాబట్టి అన్నదమ్ముల దగ్గరో, ముడిసరుకు అప్పుగా ఇచ్చే టోకు వర్తకుడి దగ్గరో సర్దుకుంటారు. ఇంకో దారి అరిసాన్. అదీ మన చీటీల్లాంటిదే. పదిమందో ఇరవైమందో నెలకింత వేస్తారు. మన దగ్గర పాట పాడి తగ్గించుకున్నవాడికి చీటీ దక్కుతుంది, ఇక్కడ పాట ఉండదు. చిట్టీలు వేసి ఒకటి తీస్తారు. ఎవరి పేరు వస్తే వారికి మొత్తం డబ్బు. అవసరం ఉన్నవాడి అవసరం మీద ఇంకొకరు లాభం తీసుకునే అవకాశం లేదు. 1990ల నుంచి బైతుల్ మాల్ పేరుతో చిన్న సహకార సంఘాలూ వచ్చాయి. వడ్డీకి బదులు సరుకు తామే కొని కొంత పైవేసి వాయిదాల మీద ఇవ్వడం, లేదా లాభంలో వాటా పంచుకోవడం వాటి పద్ధతి. పైవేసేది ఎక్కువైతే వడ్డీకీ దానికీ తేడా ఏమిటన్న ప్రశ్న ఊళ్లోనూ ఉంది. తేడా పేరులో కాక, బాకీ కట్టలేని నెలలో ఎలా వ్యవహరిస్తారన్న దాంట్లోనే చూడాలి.

భక్తి వ్యాపారానికి ఎలా పనికొస్తుందన్న ప్రశ్నకు చాలామంది నిజాయితీ, నమ్మకం లాంటి పెద్ద మాటలే జవాబుగా చెబుతారు. కుదుస్‌లో కనిపించేవి ఇంకా చిన్నవి, గట్టివి. ఉదాహరణకు జకాత్. 85 గ్రాముల బంగారం విలువకు మించిన వ్యాపార ఆస్తి చాంద్రమాన సంవత్సరం పాటు ఉంటే అందులో నూటికి రెండున్నర వంతు దానం చెయ్యాలి. మరి ఆ రెండున్నర ఎంతో తెలియాలంటే? కొట్టులో సరుకెంత, రావాల్సిన బాకీ ఎంత, ఇవ్వాల్సింది ఎంత, అన్నీ ఏడాదికోసారి కూర్చుని తేల్చుకోవాలి. చిన్న కొట్టువాడికి ఆడిటరు ఉండడు. దేవుడికి లెక్క చెప్పాలన్న భయమే ఆడిటరు పని చేస్తుంది. ఇంటి ఖర్చుకూ కొట్టు డబ్బుకూ మధ్య గీత గీయడం ఎంత కష్టమో చిల్లర దుకాణం నడిపిన ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. ఆ గీత గీయించేది ఇక్కడ జకాత్.

హజ్ ఇంకొకటి. ఇండొనేషియాలో హజ్‌కు పేరు నమోదు చేసుకోవాలంటే ముందు 2.5 కోట్ల రుపియాలు కట్టాలి, మన డబ్బులో లక్ష రూపాయల పైమాటే. 2025లో దేశానికి దక్కిన కోటా 2,21,000. ఎదురుచూసేవాళ్లు లక్షల్లో, వంతు రావడానికి ఏళ్లూ పూళ్లూ. మిఠాయిలమ్మేవాడు రోజూ ఇంత అని పక్కన పెడతాడు. చేతిలో ఆడే డబ్బుకు కాళ్లు రాకుండా ఆపేది ఆ యాత్ర. వెళ్లొచ్చాక ఊరు అతన్ని ‘పాక్ హాజీ’ అని పిలుస్తుంది. అప్పటి నుంచి తూకంలో తేడా వస్తే పోయేది గిరాకీ ఒక్కటే కాదు, ఆ పిలుపు కూడా.

ఇక పొగాకు. ఈ ఊరి కథలో అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా బరువైనదీ ఇదే.

19వ శతాబ్దం చివర్లో హాజీ జమ్‌హరి అనే కుదుస్ వాసికి ఛాతీ నొప్పి, ఆయాసం. లవంగ నూనె రాసుకుంటే కాస్త ఉపశమనం దొరికింది. లవంగాన్ని పొడి చేసి పొగాకులో కలిపి, మొక్కజొన్న పొత్తు పొరలో చుట్టి పీల్చాడట. కాలేటప్పుడు లవంగం చిటపటమంటుంది. ఆ చప్పుడే ‘క్రెతెక్’ అన్న పేరైంది. మందుగా మొదలైంది అలవాటై, అలవాటు పరిశ్రమైంది. ఆ లవంగం మలుకు దీవులది. అదే లవంగాల కోసం 1605లో డచ్చివాళ్లు మన మచిలీపట్నంలో కోఠీ పెట్టుకున్నారు. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు ఓడలకెత్తి తూర్పు దీవుల్లో సుగంధ ద్రవ్యాలకు మార్చుకునేవారు. మన నేతగాళ్ల బట్ట ఆ లవంగానికి ఒకప్పుడు వెలగా చెల్లిందని తెలిశాక, కుదుస్‌లోని ఒక మ్యూజియం గాజు పెట్టెలో ఉన్న గుప్పెడు లవంగాలు పరాయివిగా అనిపించవు.

క్రెతెక్‌ను ఇంటి పరిశ్రమ నుంచి మహా వ్యాపారంగా లేపినవాడు నితిసెమితో. చదవడం రాయడం రానివాడని చెబుతారు. 1906 ప్రాంతంలో మొదలుపెట్టి ‘బల్ తిగ’, అంటే మూడు బంతుల గుర్తుతో సిగరెట్లు అమ్మాడు. ఖాళీ పెట్టెలు తెచ్చిస్తే బహుమతులిచ్చాడు. విమానంలోంచి కరపత్రాలు చల్లించాడు. లెక్కలు చూడటానికి డచ్చివాళ్లను పెట్టుకున్నాడు. ఉచ్ఛస్థితిలో పదివేల మంది దాకా అతని దగ్గర పనిచేశారు. పరాయి పాలనలో ఒక జావా ముస్లిం ఇంత ఎత్తుకు ఎదగడం అప్పట్లో ఊరందరికీ గర్వకారణం. పన్నుల చిక్కులు, కుటుంబ తగాదాలు, యుద్ధం కలిసి ఆ సామ్రాజ్యాన్ని కూల్చాయి. 1953లో కన్నుమూశాడు. కలి గెలిస్ ఏటికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఒకేలా కట్టిన అతని జంట ఇళ్లు ఇప్పటికీ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి.

ఈ చరిత్రలో దాటవేయకూడని రోజు ఒకటుంది: 1918 అక్టోబరు 31. ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ఊళ్లను ఊడ్చేస్తున్న రోజులు. వ్యాధి పోవాలని చీనా కుటుంబాలు ఊరేగింపు తీశాయి. మీనారు మరమ్మతుకు ఇసుక మోస్తున్న ముస్లింలతో దారిలో తగువైంది. అంతకుముందే క్రెతెక్ బేరాల్లో రెండు వర్గాల మధ్య పోటీ ముదిరి ఉంది. ఆ రాత్రి చీనా పేటలో పదుల ఇళ్లు తగలబడ్డాయి, ప్రాణాలు పోయాయి. పొరుగువాడి మనసు నొప్పించవద్దని ఆవును వదులుకున్న ఊరే ఆ రాత్రి పొరుగువాడి ఇంటికి నిప్పు పెట్టింది. వ్యాపారపు అసూయ మతం చొక్కా తొడుక్కుంటే ఎంత పని చేస్తుందో కుదుస్‌కు తెలిసినంతగా తెలిసిన ఊరు అరుదు. గుస్‌జిగాంగ్‌ను పొగిడే ప్రసంగాల్లో ఈ తేదీ కూడా వినిపించాలి.

నేడు ఊరి మహా కంపెనీ జారుమ్. 1951లో ఒక చీనా సంతతి వ్యాపారి మొదలుపెట్టాడు, ఇప్పుడా కుటుంబం దేశంలోకెల్లా సంపన్నుల్లో ఒకటి. దాని షెడ్లలో పనిచేసేవాళ్లలో చాలామంది ముసుగు కట్టుకున్న ముస్లిం స్త్రీలు. తెల్లవారుజామున సైకిళ్ల మీద, మోటారుసైకిళ్ల మీద బారులు తీరి వస్తారు. ఇద్దరిద్దరు జతగా కూర్చుంటారు. ఒకామె చెక్క పరికరంలో కాగితం, పొగాకు పరిచి మీటను లాగి సిగరెట్ చుడుతుంది. పక్కనామె కత్తెరతో రెండు కొసలూ సమం చేస్తుంది. కూలి రోజుకు కాదు, వెయ్యి సిగరెట్లకింత. ఆ కూలి డబ్బుతోనే పిల్లలు పెసాంత్రెన్లలో చదువుకుంటున్నారు.

ఇండొనేషియాలో వయోజన పురుషుల్లో నూటికి 60 మందికి పైగా పొగతాగుతారు. ప్రభుత్వానికి పొగాకు సుంకం మీద ఏటా 200 లక్షల కోట్ల రుపియాలకు పైగా వస్తోంది. 2009లో దేశ ఉలమా మండలి పిల్లలకు, గర్భిణులకు, బహిరంగ స్థలాల్లో పొగ నిషిద్ధమని చెప్పింది. 2010లో ముహమ్మదియా అనే ముస్లిం సంస్థ పూర్తిగా హరామ్ అని ఫత్వా ఇచ్చింది. కుదుస్‌లో పలుకుబడి ఉన్న నహ్‌దతుల్ ఉలమా మాత్రం మక్రూహ్ దగ్గర, అంటే మానుకుంటే మంచిదన్న దగ్గర ఆగింది. ఊరి సగం కంచాలు నిండేది పొగాకు వల్లే అయినప్పుడు ఆ తీర్పు రాసేవాళ్ల చెయ్యి బరువెక్కడం అర్థం చేసుకోదగ్గదే. అర్థమైనంత మాత్రాన ఒప్పుకోవలసిన పని లేదు. ఆవు విషయంలో అంత సున్నితంగా ఆలోచించిన ఊరు ఊపిరితిత్తుల విషయంలో ఇంకా ఆలోచిస్తూనే ఉంది. అయినా ఆ షెడ్డులో వంగి కత్తెర ఆడిస్తున్న తల్లిని చూశాక కోపం తెచ్చుకోవడం కష్టం.

కుదుస్‌ను పరిశోధకులు ముందే పట్టించుకున్నారు. లాన్స్ కాజిల్స్ ఇక్కడి సిగరెట్ పరిశ్రమ, మతం, రాజకీయాల మీద రాసిన పుస్తకం 1967లో వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందు క్లిఫర్డ్ గీర్ట్జ్ తూర్పు జావాలోని మరో ఊరి ముస్లిం వర్తకులను పరిశీలించి, వాళ్లకు పొదుపూ కష్టపడే గుణమూ ఉన్నాయి గానీ నలుగురిని కూడగట్టి సంస్థగా నిలబెట్టే ఒడుపు లేదన్నాడు. పరిమాణంతో కొలిస్తే ఆయన మాట కొంత నిజం. కానీ మూడు తరాలుగా అదే సందులో, అదే మూకుడుతో, అప్పుల పాలు కాకుండా ఆరు కుటుంబాలకు కూలి ఇస్తున్న బట్టీని ఏ తూకంతో తూచాలి? ఈ మధ్య పెద్ద నగరాల హోటళ్లలో ఆధ్యాత్మిక వ్యాపార శిక్షణ శిబిరాలు జోరుగా నడుస్తున్నాయి. దానం చేస్తే పదింతలై తిరిగొస్తుందని చెప్పే బోధకులకూ గిరాకీ ఉంది. కలిపుతులో ఆ భాష వినిపించదు. అక్కడ దానం ఇచ్చేది తిరిగి రావాలని కాదు, ఇవ్వవలసింది కాబట్టి.

భక్తీ పనీ కలిసి నడిచే తీరు చుట్టుపక్కల పల్లెల్లోనూ కనిపిస్తుంది. హొంగొసొచో గ్రామంలో అల్ మవద్దా అనే పెసాంత్రెన్ ఉంది. అమ్మాయిలు ఖురాన్ పాఠం ముగించి తోట పనికి, అమ్మకాల లెక్కలకు కూర్చుంటారు. పదురెనాన్ పల్లె ఆడవాళ్లు కాలితో తొక్కే మిషను మీద గుడ్డను చేత్తో తిప్పుతూ పూలు కుడతారు. సూది కింద గుడ్డ నడిచే తీరు చూస్తే నర్సాపురం లేసు అల్లే చేతులు గుర్తుకొస్తాయి.

ముహర్రం పదో రోజు వచ్చింది. మన ఊళ్లలో పీర్లను గుండం చుట్టూ తిప్పి, మలీద పంచే రోజు. కుదుస్‌లో ఆ రోజు బుకా లువుర్. సునన్ సమాధికి పాత తెల్లబట్ట స్థానంలో కొత్తది కప్పుతారు. ముందు రోజు నుంచే మీనారు వెనక పెద్ద వంట. బియ్యం, గేదెలు, మేకలు అన్నీ ఊరివాళ్లు తెచ్చిచ్చినవే. ఇచ్చినవారిలో మిఠాయి బట్టీలవాళ్లున్నారు, బట్టల కొట్లవాళ్లున్నారు, పేరు రాయించుకోనివాళ్లూ ఉన్నారు. అన్నంలో మాంసం పెట్టి టేకు ఆకులో చుట్టిన పొట్లాలు వేల మీద వేలు తయారవుతాయి. దాని పేరు నాసి జంగ్‌క్రిక్. జంగ్‌క్రిక్ అంటే కీచురాయి. అందులో కీచురాయి ఏమీ ఉండదు, పాత వంట పేరు అది.

తెల్లవారుజాము నమాజు కాగానే వరసలు కదిలాయి. ఆడవాళ్ల వరస ఒకవైపు, మగవాళ్లది ఒకవైపు. పొట్లం చేతిలో పడగానే వేడి టేకు ఆకు వాసన ముక్కుకు తగులుతుంది, పచ్చిగా, కాస్త వగరుగా. కొందరు అక్కడే విప్పి తిన్నారు. కొందరు బర్కత్ కోసం నాలుగు మెతుకులు ఎండబెట్టి బియ్యం డబ్బాలో కలుపుకోవడానికి ఇంటికి పట్టుకెళ్లారు.

మీనారు ఎదుట టోపీలు అమ్మే పెద్దావిడ వరసలోంచి నేరుగా కొట్టుకు వచ్చింది. పొట్లాన్ని గల్లాపెట్టె పక్కన పెట్టి షట్టరెత్తింది. సురబాయా వైపు నుంచి వచ్చిన యాత్రికుల బస్సు జనం అప్పుడే వీధిలోకి దిగుతున్నారు. ఒక కుర్రాడు నల్లటోపీ తలకు పెట్టి చూసుకుని, బేరమాడకుండా డబ్బిచ్చాడు. ఆవిడ నోటు మడిచి టోపీల దొంతర మీద తట్టింది, లుంగీల మీద తట్టింది, తస్బీల మీద తట్టింది. చివర్న టేకు ఆకు పొట్లం మీద కూడా ఒకసారి తట్టి, నోటును పెట్టెలో వేసుకుంది.